పిట్టల తాత సలీం అలీ



ఈసారి మన గోడపత్రికకు ఒక గొప్పవారి జీవిత చరిత్ర రాయమని తెలుగు టీచరు గారు నాకు చెప్పారు. గాంధీ గారిది, అల్లూరి సీతారామరాజు గారిది, అంబేద్కర్ గారిది అక్కలు ఇదివరకే రాసేశారు. అందుకని నేను పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ గారిది రాస్తున్నాను. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్తాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక నేను పది రోజులు ఆలస్యంగా వచ్చాను. జ్వరం వచ్చిందని చెప్పాను. అది నిజం కాదు. వార్డెన్ అమ్మగారు నన్ను క్షమించాలి. పండక్కి నాలుగు రోజుల ముందు మా నాన్న పత్తి చేల గట్టు మీద వల వేసి తొమ్మిది కౌజు పిట్టల్ని పట్టాడు. అమ్మడానికి తీసుకుపోతుంటే దారిలో పట్టుకున్నారు. వల లాక్కుని, జరిమానా కట్టించుకుని, సాయంత్రానికి వదిలారు. ఆ డబ్బు మిరప రైతు దగ్గర అడ్వాన్సుగా తెచ్చి కట్టాం. బాకీ తీరడానికి అమ్మా నేనూ పది రోజులు మిరపకాయలు కోశాం. చేతులు మండి రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆ రాత్రుల్లో ఒకసారి నాన్న నన్ను ఒక మాట అడిగాడు. మా ముత్తాత కాలం నుంచి పట్టుకుంటున్న పిట్ట ఎప్పటి నుంచి దొంగసొమ్ము అయింది, ఎవరు ఆ మాట రాశారు, నువ్వు చదువుకుంటున్నావు కదా చెప్పమ్మా అన్నాడు. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కిన మొదటిదాన్ని నేనే. అయినా చెప్పలేకపోయాను. నాకు చాలా సిగ్గేసింది.

హాస్టలుకు వచ్చాక లైబ్రరీలో పిట్టల పుస్తకాలు వెతికితే సలీం అలీ గారు దొరికారు. చిత్రం ఏందంటే ఆయన కథ కూడా ఒక పిట్టను కొట్టడంతోనే మొదలయింది.

బాల్యము

సలీం అలీ గారు 1896వ సంవత్సరం నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయారు. మూడేళ్ళకి తల్లి కూడా పోయారు. తల్లిదండ్రులు లేని ఆ పిల్లవాడిని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ గారు, అత్త హమీదా బేగం గారు పెంచారు. వాళ్ళకు పిల్లలు లేరు.

మేనమామ మంచి వేటగాడు. ఆ రోజుల్లో కలిగినవాళ్ళ ఇళ్ళలో వేట ఒక గొప్ప. తుపాకీ పట్టినవాడిని మగధీరుడు అనేవాళ్ళు. మామయ్య ఈ పిల్లవాడికి ఒక గాలి తుపాకీ కొనిచ్చాడు. దానితో ఆయన ఇంటి చుట్టూ పిచ్చుకల్ని కొట్టేవాడు. పెద్దయ్యాక తాను కూడా పెద్ద వేటగాడు కావాలనే ఆయన కోరిక. మన ఇళ్ళలో తమ్ముళ్ళు ఉండేలు పట్టుకుని తిరగడం లేదా, అలాగే.

ఒకరోజు ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే దాని మెడ కింద పసుపు రంగు మచ్చ ఉంది. ఊళ్ళో పిచ్చుకలకి అట్లాంటి మచ్చ ఉండదు. ఇదేమి పిట్ట అని మామయ్యను అడిగాడు. మామయ్యకు తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా ఆ పిల్లవాడిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అది 1883లో ఏర్పడిన సంఘం. జంతువులు, పిట్టలు, చెట్ల గురించి తెలుసుకునే చోటు. అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ అనే దొర. సలీం భయం భయంగా చచ్చిన పిచ్చుకను పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాడు.

ఆ దొర కసురుకోలేదు. అది పసుపు మెడ పిచ్చుక అని పేరు చెప్పాడు. బీరువాలు తెరిచి దూది కూరి దాచిన వందల పిట్టల్ని చూపించాడు. చదవమని పుస్తకాలు ఇచ్చాడు. పిట్ట చర్మం ఎలా తీయాలో, చీటీ మీద చోటు, తేదీ ఎలా రాయాలో నేర్పే ఏర్పాటు చేశాడు. ఆ ఒక్క రోజుతో సలీం అలీ గారి జీవితం మారిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత, 1985లో, ఆయన తన సొంత కథ రాసుకుంటే ఆ పుస్తకం పేరులో కూడా ఆ పిచ్చుకనే పెట్టుకున్నారు.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఆలోచించాను. పిట్టను కొట్టి తెచ్చిన పిల్లవాడికి కుర్చీ వేసి పుస్తకం ఇచ్చారు. అలా అందరు పిల్లలకూ ఇస్తే ఎంత బాగుండు.

చదువు, కష్టాలు

సలీం అలీ గారు చదువులో మొదటి ర్యాంకు అనుకుంటున్నారా? కాదు. ఎప్పుడూ తలనొప్పి. పొడి గాలి మంచిదని సింధు దేశం పంపితే చదువు మధ్యలో ఆగింది. 1913లో మెట్రిక్ బొటాబొటిగా గట్టెక్కారు. కాలేజీలో చేరితే లెక్కలు ఆయనకు కొరకరాని కొయ్య అయ్యాయి. కాలేజీ వదిలేసి బర్మా దేశంలో అన్నగారి గనుల వ్యాపారం చూసుకోవడానికి వెళ్ళారు. అక్కడ గనుల కంటే చుట్టూ ఉన్న అడవిలో పిట్టల్నే ఎక్కువ చూశారు. తర్వాత ఆ వ్యాపారం కూడా దెబ్బతింది. కాబట్టి లెక్కల్లో తక్కువ వచ్చినవాళ్ళు ఏడవొద్దు.

1918లో తెహ్మీనా బేగం గారితో పెళ్ళి అయింది. ఆమె భర్త ఇష్టాన్ని తన ఇష్టం చేసుకున్నారు. ప్రభుత్వ జంతు పరిశోధన సంస్థలో ఉద్యోగం కోసం చూస్తే డిగ్రీ లేదని రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో వచ్చినవాళ్ళకు చూపించి చెప్పే గైడు ఉద్యోగం దొరికింది. తర్వాత ఇంకా నేర్చుకోవాలని జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో స్ట్రెస్‌మాన్ అనే గొప్ప పిట్టల శాస్త్రవేత్త దగ్గర శిష్యరికం చేశారు. 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆ ఉద్యోగం తీసేశారు.

గిజిగాడి ఇల్లు

ఉద్యోగం లేదు. బొంబాయిలో అద్దె కట్టలేరు. సముద్రం ఒడ్డున కీహిం అనే పల్లెలో కాపురం పెట్టారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. మనకీ వాగుల పక్క ఈత చెట్లకి, తుమ్మ చెట్లకి అవి వేలాడుతుంటాయి కదా. ఆయన అక్కడ నెలల తరబడి కూర్చుని చూశారు.

చూసి ఒక రహస్యం కనిపెట్టారు. గూడు కట్టేది మగ పిట్ట. సగం అల్లి ఆపుతుంది. ఆడ పిట్ట వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. నచ్చితే మగది గూడు పూర్తి చేసి, తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడ పిట్టను పిలుస్తుంది. ఈ సంగతి మా తాతకి చెబితే నవ్వి, అది గూడు చూసినవాడికి ఎవడికైనా తెలుసు అన్నాడు. తాతకి తెలుసు, కానీ రాయలేదు. సలీం అలీ గారు చూసింది చూసినట్టు, తేదీ వేసి రాశారు. అదే తేడా అని నాకు అనిపించింది.

మన నల్లమలకు వచ్చారు

1931, 1932 సంవత్సరాల్లో ఆయన నిజాం రాజ్యంలోని పిట్టల్ని లెక్క తీయడానికి వచ్చారు. తనకు జీతం వద్దు, ఖర్చులు ఇస్తే చాలు అన్నారు. కృష్ణానదికి అవతల మన్ననూరు, ఫరహాబాదు అడవుల్లో కూడా గుడారం వేశారు. అదీ మన ప్రకాశం, పల్నాడు వైపు ఉన్న నల్లమలా ఒకటే. మధ్యలో ఏరు, అంతే. తెహ్మీనా గారు కూడా వెంట తిరిగారు.

ఆ పనిలో ఆయన పిట్టల్ని తుపాకీతో కొట్టి, చర్మం తీసి, చీటీ కట్టి పంపేవారు. అప్పట్లో పిట్టల శాస్త్రం అంటే అదే. ఈ మాట దాచకూడదు. ఆయన వేటే తెలియనివారు కాదు. అవసరానికి మించి చంపడం, ఒక జాతి తుడిచిపెట్టుకుపోయేలా చంపడం తప్పు అన్నది ఆయన ఆలోచన.

1939లో చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా గారు మరణించారు. ఆయన ఎంతో కుంగిపోయారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంట్లో ఉండి మిగిలిన జీవితమంతా పిట్టలకే ఇచ్చేశారు. 1941లో భారతదేశ పిట్టల మీద బొమ్మల పుస్తకం తెచ్చారు. మామూలు మనిషి కూడా చూసి పిట్ట పేరు చెప్పగలిగే పుస్తకం అది. తర్వాత అమెరికావాడైన రిప్లే గారితో కలిసి 1968 నుంచి 1974 వరకు పది సంపుటాలు రాశారు. ఆయనకు మోటారు సైకిళ్ళంటే మహా పిచ్చి. 1950లో యూరపులో పిట్టల సభకు వెళ్తూ తన మోటారు సైకిల్ కూడా ఓడలో వెంట తీసుకెళ్ళారు.

ఒక్క రోజులో 4,273

ఇప్పుడు వేట చట్టం సంగతికి వస్తాను. రాజస్థాన్‌లో భరత్‌పూర్ అనే ఊరి దగ్గర పెద్ద చిత్తడి నేల ఉంది. చలికాలం వేల మైళ్ళ అవతల నుంచి బాతులు, కొంగలు వస్తాయి. అది రాజావారి వేట చోటు. దొరలు విందుకు వచ్చి కాల్చేవాళ్ళు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చిన వేటలో ఒక్క రోజులో 4,273 పిట్టల్ని కాల్చారు. ఆ లెక్కలు రాతి పలకల మీద గొప్పగా చెక్కించారు.

అంతకుముందే చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మన మద్రాసు రాష్ట్రంలో 1882 అటవీ చట్టం ఉంది. రిజర్వు అడవిలో నియమాలకు విరుద్ధంగా వేటాడినా, ఉచ్చులు వేసినా, నీళ్ళలో విషం కలిపినా నేరం అని అందులో ఉంది. 1912లో పిట్టలు, జంతువుల చట్టం వచ్చింది. అవి పిల్లలు పెట్టే నెలల్లో పట్టకూడదని దాని సారం. చట్టాలు ఉన్నా దొరలకు, రాజులకు వేట వేడుక. ఉచ్చు వేసినవాడికి మాత్రం అది నేరం. తొమ్మిది పిట్టలకు మా నాన్న, నాలుగు వేల పిట్టలకు రాతి పలక. ఇది రాస్తుంటే నాకు కోపం వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ చిత్తడిని ఎండగట్టి పొలాలు చేస్తామన్నప్పుడు సలీం అలీ గారు అడ్డుపడి దాన్ని నిలబెట్టారు. ఈ రోజు అది ప్రపంచమంతా తెలిసిన పిట్టల పార్కు.

వలవాళ్ళే గురువులు

1959 తర్వాత ఆయన ఇంకో పని మొదలుపెట్టారు. చలికాలం వచ్చే పిట్టలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి పోతున్నాయి అని తెలుసుకోవాలి. దానికి పిట్టను ప్రాణంతో పట్టి, కాలికి నంబరు, చిరునామా ఉన్న చిన్న ఉంగరం తొడిగి వదలాలి. ఎవరికైనా వేరే దేశంలో దొరికితే ఉత్తరం రాస్తారు.

అయితే ఈకకు కూడా దెబ్బ తగలకుండా పిట్టను పట్టడం ఎవరికి వచ్చు? డిగ్రీలు ఉన్నవాళ్ళకు రాదు. బీహారులో మీర్ షికారీలు అనే వాళ్ళు ఉన్నారు. తరతరాలుగా పిట్టలు పట్టి బతికేవాళ్ళు, మన యానాదుల మాదిరి. సలీం అలీ గారు వాళ్ళను పిలిపించి జీతం ఇచ్చి పనిలో పెట్టుకున్నారు. అదే వల, అదే ఉచ్చు, అదే చెయ్యి. కానీ పట్టిన పిట్ట సంతకు పోలేదు. ఉంగరం తొడుక్కుని ఆకాశంలోకి పోయింది. వాళ్ళు అలా వేల వేల పిట్టల్ని పట్టి వదిలారు. ఈ పేజీ నేను మూడుసార్లు చదివాను.

1972 చట్టం

1972లో కేంద్ర ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది. దీని గురించి సైన్సు టీచరు గారిని అడిగి, సరిగ్గా రాసుకున్నాను. మీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పండి.

1. వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, విషం పెట్టడం, ప్రాణంతో పట్టుకోవడం, పిట్టల గుడ్లు, గూళ్ళు పాడుచేయడం కూడా వేటే. ప్రయత్నం చేసినా వేటే.

2. మొదట్లో ఈ చట్టంలో లైసెన్సులు ఉండేవి. చిన్న జంతువుల వేటకు ఒకటి, ఉచ్చులకు ఒకటి. కౌజు పిట్ట, చెవులపిల్లి లాంటివి అప్పుడు నాలుగో పట్టికలో ఉండేవి. 1991లో ఆ లైసెన్సులన్నీ తీసేశారు. అంటే నాన్న చిన్నప్పుడు ఉన్న చట్టం ఒకటి, ఇప్పుడు ఉన్నది ఒకటి. మా పేటకు వచ్చి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

3. 2022లో చట్టాన్ని మళ్ళీ మార్చారు. ఇప్పుడు జంతువులకు, పిట్టలకు రెండు పట్టికలు. రెండింట్లో దేన్నీ వేటాడకూడదు. పులి, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక, నెమలి, అలుగు, ఉడుము, నక్షత్ర తాబేలు మొదటి పట్టిక. వీటికి కనీసం మూడేళ్ళ జైలు, ఏడేళ్ళ వరకు పడొచ్చు. జరిమానా 25,000 రూపాయలకు తక్కువ ఉండదు. ఉడుము మాంసం నడుముకు మంచిదని ఎవరైనా అడిగి డబ్బు చూపిస్తే తెచ్చి ఇవ్వొద్దని మీ నాన్నలకు చెప్పండి. కొన్నవాడు తప్పించుకుంటాడు, పట్టినవాడు దొరుకుతాడు.

4. మీద పడి ప్రాణం తీయబోయే జంతువును ప్రాణరక్షణ కోసం కొడితే నేరం కాదు. కానీ చచ్చిన జంతువు ప్రభుత్వానిది. తోలు, గోళ్ళు ఇంట్లో దాచకూడదు.

5. ఎలుకలు, చిట్టెలుకలు, కాకులు, పండ్లు తినే గబ్బిలాలను 1972లో పంటకు చేటు అని వేరే పట్టికలో పెట్టారు. 2022లో ఆ పట్టిక తీసేశారు. ఇప్పుడు ఏదైనా జంతువు పంటకు చేటు అని, ఎక్కడ, ఎన్నాళ్ళు అనేది కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. ఎలుకల బుట్టతో మా తాతలు వరి పొలాల్లో రైతుల ధాన్యం కాపాడారు. ఎలుకలోళ్ళు అని నన్ను ఏడిపించే స్నేహితురాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

6. 2006లో గిరిజనులకు అటవీ హక్కుల చట్టం వచ్చింది. తేనె, కుంకుళ్ళు, గడ్డలు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. కానీ వేట, ఉచ్చుల హక్కు మాత్రం ఇవ్వలేదని అందులోనే స్పష్టంగా రాసి ఉంది. గిరిజనులం కదా అంటే కుదరదు. నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రం వేట విషయంలో మినహాయింపు ఉంది.

7. చదువు కోసం, పరిశోధన కోసం పట్టాలంటే రాష్ట్రంలో వన్యప్రాణులకు పెద్ద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

ఒక పొరపాటు

గొప్పవారి చరిత్రలో పొరపాట్లు రాయకూడదని కొందరు అంటారు. నేను రాస్తాను. భరత్‌పూర్‌లో గేదెలు మేయకూడదని సలీం అలీ గారు గట్టిగా అనుకున్నారు. 1982లో మేత ఆపేశారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు గొడవ చేస్తే పోలీసులు కాల్పులు జరిపారు, కొందరు చనిపోయారు. తర్వాత ఆయన సొసైటీ వాళ్ళే ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తే ఏం తేలిందంటే, గేదెలు మేయకపోవడం వల్ల గడ్డి నీళ్ళను కప్పేసి పిట్టలకే ఇబ్బంది అయింది. గేదెల కాపర్లను ముందే అడిగి ఉంటే బాగుండేది.

మన పల్నాడులో 1922లో పశువుల మేతకు పుల్లరి కట్టం అన్నందుకు కన్నెగంటి హనుమంతు గారిని కాల్చి చంపారు. అది తెల్లవాళ్ళ రాజ్యం. ఇది మన రాజ్యం. మన రాజ్యంలో అడిగి చేయాలి కదా. సలీం అలీ గారి సొసైటీలో నాకు నచ్చింది ఏందంటే, తమ మాట తప్పని తేలినా ఆ లెక్కలు దాచలేదు.

కలివికోడి

అడిగితే ఏం జరుగుతుందో చెప్పే కథ మన రాయలసీమలోనే ఉంది. కలివికోడి అని ఒక పిట్ట. కలివి పొదల్లో రాత్రిపూట తిరుగుతుంది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే దొర డాక్టరు దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఎందరో వెతికారు. ఇక ఆ జాతి పోయింది అనుకున్నారు.

సలీం అలీ గారి సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చి, పల్లెల్లో వేటగాళ్ళను, కాపర్లను అడిగాడు. వాళ్ళు అది మాకు తెలుసు అన్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. ఆయన పిట్టలు పట్టే మనిషే. ఎనభై ఆరేళ్ళు శాస్త్రవేత్తలకు దొరకని పిట్ట ఊళ్ళో వేటగాడికి దొరికింది. ఆ వార్త వినేనాటికి సలీం అలీ గారికి 89 ఏళ్ళు. ఆ పిట్ట కోసం 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది.

చివరి రోజులు

ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అమెరికా వాళ్ళు ఇచ్చిన 50,000 డాలర్ల బహుమతిని ఇంటికి తీసుకుపోకుండా సొసైటీకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987లో, 90 ఏళ్ళ వయసులో బొంబాయిలో కన్నుమూశారు. గాలి తుపాకీతో మొదలైన చెయ్యి చివరి వరకు పెన్ను, దుర్భిణి వదల్లేదు.

నాన్నకు నా జవాబు

పోయిన ఆదివారం నాన్న నన్ను చూడడానికి వచ్చాడు. గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుని, పైన రాసిన ఏడు మాటలూ చదివి వినిపించాను. దొంగసొమ్ము ఎప్పటి నుంచి అయింది అన్నదానికి 1991 అని జవాబు చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇక వల వేయనులే, కానీ మిరప కోతలు అయిపోయాక మనం ఏం తినాలో కూడా ఆ పుస్తకంలో ఉందా అన్నాడు. అది లేదు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పెద్దవాళ్ళు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వెళ్ళేటప్పుడు నాన్నను ఒకటి అడిగాను. తాతకు తెలిసిన పిట్టల పేర్లు, అవి ఏ నెలలో వస్తాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో నాకు చెప్పమన్నాను. నాన్న అక్కడే కూర్చుని 23 పేర్లు చెప్పాడు. నోటు పుస్తకంలో తేదీ వేసి రాశాను. అందులో ఆరు పిట్టలకు లైబ్రరీ పుస్తకంలో తెలుగు పేరే లేదు. మా నాన్న దగ్గర ఉంది.

వార్డెన్ అమ్మగారికి ఒక మనవి. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం నాడు ఈ చట్టం గురించి తెలిసిన వారిని ఎవరినైనా పిలిపించి, మన అమ్మానాన్నలకు అర్థమయ్యే మాటల్లో చెప్పించండి. పట్టుకున్నాక చెప్పడం కంటే ముందే చెప్పడం మేలు. అలాగే గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు మమ్మల్ని ఒకసారి తీసుకువెళ్ళండి. అక్కడ ఊరివాళ్ళే కొంగల్ని కాపాడుకుంటున్నారట.

చెంచు అక్కలు, ఎరుకల, సుగాలి స్నేహితురాళ్ళు మీ ఇళ్ళలో పిలిచే పిట్టల పేర్లు నాకు చెప్పండి. నా నోటు పుస్తకంలో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి